చక్రం నట్టు బిగింపుకూ ఓ లెక్కుంది!

పండక్కి, పెళ్లికి, గుడికి.. మలేసియాలో ఉంటున్న తెలుగువాళ్లం ఎక్కడికి వెళ్లాలన్నా ఎక్కువగా కారులోనే బయల్దేరతాం. పెట్రోలు చూసుకుంటాం. టైర్లలో గాలి చూసుకుంటాం. పిల్లలు బెల్టు పెట్టుకున్నారో లేదో రెండుసార్లు వెనక్కి తిరిగి చూస్తాం. కానీ చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఆ నాలుగైదు నట్ల సంగతి ఎవరికీ గుర్తు రాదు. మనకే కాదు, మన పక్క లేనులో నలభై టన్నుల బరువుతో దూసుకెళ్లే లారీకీ ఆధారం అలాంటి నట్లే. కాకపోతే అవి పెద్దవి. వాటిని విప్పడానికి, బిగించడానికి చేయంత పొడవున్న పానాలు కావాలి. ఆ పెద్ద పానాల గురించే ఈ నాలుగు మాటలు.

సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ కోడ్ రాసుకునేవాడికి పానాల గోల ఎందుకని మీరు అడగొచ్చు. నేను పుట్టి పెరిగింది విజయవాడలో. మా నాన్న జవహర్ ఆటోనగర్‌లో లారీ మెకానిక్. ఆసియాలోనే పెద్ద ఆటోనగర్లలో ఒకటిగా పేరున్న ఆ చోట, బడి సెలవుల్లో నా పని పానాలు అందివ్వడమే. రింగు పానా, బాక్సు పానా, స్క్రూ పానా.. పేరు చెప్పగానే చేతికి ఇవ్వాలి. అన్నిటికన్నా బరువైంది చక్రాల నట్లు విప్పే బాక్సు పానా. పదేళ్ల వయసులో దాన్ని రెండు చేతులతో ఎత్తడమే నాకు గొప్ప.

హనుమాన్ జంక్షన్‌లో ఆపు!

చక్రం మార్చిన ప్రతి లారీ డ్రైవరుకూ నాన్న ఒకే మాట చెప్పేవారు. ఏలూరు వైపు వెళ్లేవాళ్లతో, ‘‘హనుమాన్ జంక్షన్‌లో టీ తాగేటప్పుడు పానా ఒకసారి వేసి చూడు’’ అనేవారు. హైదరాబాద్ వైపు వెళ్తుంటే నందిగామలో ఆపమనేవారు. రెండు ఊళ్లూ విజయవాడకు ఇంచుమించు నలభై, యాభై కిలోమీటర్ల దూరం. అప్పట్లో అది ఆయన చాదస్తం అనుకునేవాణ్ని.

ఇంజినీరింగ్ చదివాకే అందులోని లెక్క అర్థమైంది. చక్రాన్ని బోల్టులు మేకుల్లా వేలాడదీయవు. నట్టు బిగించినప్పుడు బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది. సాగిన బోల్టు స్ప్రింగులా వెనక్కి లాగుతుంది. ఆ లాగుడుకు చక్రం, హబ్బు ఒకదానికొకటి గట్టిగా అదుముకుంటాయి. బరువును మోసేది ఆ అదుముడులోని రాపిడే. కొత్తగా బిగించిన చక్రం కొంత దూరం తిరిగాక మధ్యలో ఉన్న తుప్పు, రంగు, దుమ్ము నలిగిపోతాయి. సందు ఏర్పడుతుంది. బోల్టు లాగుడు తగ్గుతుంది. అందుకే యాభై నుంచి వంద కిలోమీటర్ల లోపు మళ్లీ బిగింపు చూడాలని చాలా కంపెనీలు తమ పుస్తకాల్లో రాస్తాయి. నాన్న ఆ పుస్తకాలేవీ చదవలేదు. హనుమాన్ జంక్షన్ లెక్క మాత్రం సరిగ్గా అక్కడికే వచ్చింది.

పొడవులోనే ఉంది బలం

బిగింపును కొలిచే కొలత న్యూటన్ మీటరు. పానా చివర వేసిన బలాన్ని పానా పొడవుతో గుణిస్తే అది వస్తుంది. మామూలు చిన్న కారు నట్టుకు కావాల్సింది సుమారు 100 న్యూటన్ మీటర్లు. నలభై సెంటీమీటర్ల పానా ఉంటే చివర పాతిక కిలోల బలం వేస్తే చాలు. అదే కారుతో పాటు ఇచ్చే పాతిక సెంటీమీటర్ల చిన్న పానా అయితే నలభై కిలోల బలం కావాలి. ఇంట్లో ఆడవాళ్లు, పెద్దవాళ్లు టైరు మార్చలేక ఇబ్బంది పడేది ఇక్కడే. వాళ్లకు శక్తి లేక కాదు, పానా పొడవు చాలక.

లారీ సంగతి వేరు. 22 మిల్లీమీటర్ల బోల్టు, దానిపై 32 లేదా 33 మిల్లీమీటర్ల నట్టు. దానికి 600 నుంచి 700 న్యూటన్ మీటర్లు కావాలి. డెబ్భై కిలోల మనిషి మీటరు పొడవు కడ్డీ చివర పూర్తి బరువుతో నిలబడితే ఇంచుమించు ఆ బిగింపు వస్తుంది. చక్రానికి పది నట్లు, బండికి పదో పన్నెండో చక్రాలు. రోజంతా ఆ పని చేసే మనిషి నడుము ఎలా ఉంటుందో ఊహించుకోండి.

సాకెట్ల వెనుక ఉండే చదరపు రంధ్రం కూడా పనిని బట్టి మారుతుంది. కార్లకు అర అంగుళం, పెద్ద వాటికి ముప్పావు, లారీలకు అంగుళం. గనుల యంత్రాలకు అంతకన్నా పెద్దవి. సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో తిరిగే వంద టన్నుల డంపర్ల లాంటి వాటికి మనిషి చేతి బలం సరిపోదు. గేర్లతో బలాన్ని పెంచే పరికరాలు, నూనె ఒత్తిడితో తిప్పే పానాలు వాడతారు. లారీ డ్రైవర్ల దగ్గర కనిపించే చిన్న గేరు డబ్బా కూడా అదే కోవకు చెందింది. దాని కాలును పక్క నట్టుకు ఆనించి, పిడిని చేత్తో చాలాసార్లు తిప్పితే నట్టు కొద్దికొద్దిగా కదులుతుంది. ఎముకలు విరగ్గొట్టుకోకుండా పని అయిపోతుంది.

క్లాంగ్ షెడ్డులో పెద్దాయన

మలేసియాలో వర్క్‌షాపును ‘బెంగ్కెల్’ అంటారు. మెకానిక్‌ను ‘పోమెన్’ అంటారు. ఇంగ్లిష్ ‘ఫోర్‌మన్’ ఇక్కడి నాలుకలపై అలా మారిపోయింది. స్పానర్‌కు మలయ్ మాట ‘సెపానా’. మన ‘పానా’కు అన్నలా వినిపించే ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది.

పోర్ట్ క్లాంగ్‌కు కంటైనర్లు మోసే లారీలు బాగుచేసే ఒక షెడ్డులో నాకో పెద్దాయన పరిచయం. డెబ్భై దాటిన తెలుగాయన. ఆయన తాత ఉత్తరాంధ్ర నుంచి ఓడెక్కి పేరాక్‌లోని బాగన్ దాతో కొబ్బరి తోటల్లోకి కూలీగా వచ్చాడు. తండ్రి తోటలోనే పనిచేశాడు. ఈయన పద్నాలుగేళ్లకు పానా పట్టి పట్నం చేరాడు. 1955లో మలయా ఆంధ్ర సంఘంగా మొదలైన ఇక్కడి తెలుగు సంఘం గురించి ఎంత ఇష్టంగా చెబుతారో, లారీ హబ్బు గురించి కూడా అంతే ఇష్టంగా చెబుతారు. ఆ తెలుగులో మధ్యమధ్యలో మలయ్, తమిళం దొర్లుతుంటాయి.

ఆయన గోడకు పానాలు వరసగా తగిలించి ఉంటాయి. ఒక్కో దాని కింద సైజు రంగుతో రాసి ఉంటుంది. ‘‘బాబాయిగారూ, 32కీ అంగుళంపావుకీ తేడా ఏముంటుంది?’’ అని ఒకసారి అడిగాను. అంగుళంపావు అంటే 31.75 మిల్లీమీటర్లు. పావు మిల్లీమీటరే తేడా.

‘‘ఆ పావే నట్టు మూలలు తినేస్తది అబ్బాయ్. మూలలు అరిగితే పానా జారతది. జారితే ఇదిగో..’’ అంటూ పిడికిలి చూపించారు. కణుపులపై తెల్లటి పాత మచ్చలు. మా నాన్న చేతులపై కూడా అవే మచ్చలు, అదే చోట.

ఆయన షెడ్డులో కుర్రాళ్లకు మూడు నియమాలు. పానాను ఒంటివైపు లాగాలి, వీలైనంత వరకు తోయకూడదు. తోస్తే జారినప్పుడు చెయ్యి వెళ్లి ఇనుముకు గుద్దుకుంటుంది. గాలి గన్నుకు మెరిసే సాకెట్ తొడగకూడదు, నల్లటి మందపాటి సాకెట్టే వాడాలి. మెరిసేవి చేతి పనికి చేసినవి, గన్ను దెబ్బలకు పగిలి ముక్కలు ఎగురుతాయి. మూడోది, పానాకు పైపు తొడిగి బిగించకూడదు. మొండి నట్టును విప్పడానికి కూడా ముందు నూనె వేసి నాననివ్వాలి. గట్టి పొడవైన కడ్డీ వాడాలి. పైపు జారితే పక్కవాడి మొహమే పోతుంది.

వదులైనా ముప్పే.. మరీ బిగువైనా ముప్పే

వదులుగా ఉంటే చక్రం ఊడుతుందని అందరికీ తెలుసు. అతిగా బిగిస్తే ఇంకా మంచిదేగా అనుకుంటారు. అది నిజం కాదు. హద్దు దాటి సాగిన బోల్టు ఇక స్ప్రింగులా వెనక్కి రాదు. సాగదీసిన పాత రబ్బరు బ్యాండులా మిగిలిపోతుంది. కొన్నాళ్లకు తెగుతుంది. ఒక బోల్టు తెగితే దాని భారం పక్క వాటిపై పడుతుంది. తర్వాత అవీ తెగుతాయి.

రెండేళ్ల కిందట ఉగాది సభకు బాగన్ దాతో వెళ్తుంటే తంజుంగ్ మలిమ్ దాటాక మా కారు టైరు పంక్చరైంది. అంతకు వారం ముందే ఒక షాపులో నాలుగు టైర్లు మార్పించాం. అక్కడి కుర్రాడు గాలి గన్నుతో టకటకా బిగించి పంపించాడు. హైవే పక్కన, పిల్లలను రెయిలింగు అవతల నిలబెట్టి, నేనూ మా ఆవిడా ఎంత లాగినా ఒక్క నట్టూ కదల్లేదు. చివరికి వెనక ఆగిన లారీ డ్రైవరు తన పొడవాటి కడ్డీతో విప్పిపెట్టాడు. మూడు నట్ల మర అప్పటికే దెబ్బతింది. హైవే గస్తీ బండి ప్లస్ రొండా వాళ్లు వచ్చి హెచ్చరిక కోన్లు పెట్టేదాకా, పక్కనుంచి లారీ వెళ్లిన ప్రతిసారీ కారు ఊగుతూనే ఉంది. గన్ను విప్పడానికి మంచిదే. ఆఖరి బిగింపు మాత్రం కొలత చూపే టార్క్ పానాతో చేయాలి. నిర్ణయించిన చోట అది ‘టిక్’ అంటుంది. అక్కడ ఆపాలి.

ఎడమ వెనుక చక్రం

పాత జపాన్ పద్ధతి లారీల్లో ఒక విశేషం ఉంది. ఎడమవైపు చక్రాలకు ఎడమ మర, కుడివైపు వాటికి కుడి మర. జంట చక్రాల్లో లోపలి చక్రానికి ఒక నట్టు, దాని మీదే బయటి చక్రానికి మరో నట్టు. బయటిదానికి 41 మిల్లీమీటర్ల సాకెట్, లోపలిదానికి 21 మిల్లీమీటర్ల చదరపు సాకెట్. లోపలి నట్టు సంగతి చూడాలంటే బయటిది వదులు చేయాల్సిందే. తెలియనివాడు ఎడమ చక్రం విప్పుతున్నానని బిగిస్తూనే ఉంటాడు.

2010 ప్రాంతంలో జపాన్ కంపెనీలు ఈ పద్ధతి వదిలి, అంతర్జాతీయ పద్ధతిలో రెండు వైపులా కుడి మరకు మారాయి. ఆ దేశ రవాణా శాఖ లెక్కల్లో పెద్ద వాహనాల చక్రాలు ఊడిన ఘటనలు 2011లో 11. 2022 ఆర్థిక సంవత్సరానికి అవి 140. ఎక్కువ భాగం ఎడమ వెనుక చక్రాలే. మర మారడమే కారణమని ఒక్క మాటలో తేల్చేయలేం. అయితే టైర్లు మార్చిన నెలలోపే చాలా ఘటనలు జరిగాయి. సరిగా బిగించకపోవడం, తర్వాత మళ్లీ చూడకపోవడం ప్రధాన లోపాలుగా తేలాయి. జపాన్‌లా మలేసియాలో, భారత్‌లో కూడా బండ్లు ఎడమవైపే నడుస్తాయి. అక్కడ ఊడిన చక్రం కాలిబాట మీదకే దొర్లుతుంది.

కెనడాలో ఉన్న మనవాళ్లకు మరో ఉదాహరణ తెలిసే ఉంటుంది. ఒంటారియోలో 1990ల మధ్యలో లారీ చక్రాలు ఊడి కార్లలో వెళ్తున్నవాళ్లు చనిపోయారు. 1997లో అక్కడ చట్టం తెచ్చారు. పెద్ద వాహనం చక్రం ఊడితే ‘జాగ్రత్తలు తీసుకున్నాం’ అన్న వాదన చెల్లదు. జరిమానా 50 వేల డాలర్ల వరకు ఉంటుంది.

మన డిక్కీలో ఏముండాలి?

సరైన సైజు సాకెట్, అర మీటరు పొడవున్న గట్టి కడ్డీ కొని డిక్కీలో పెట్టుకోండి. ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరూ ఒకసారి చదునైన చోట నట్టు విప్పి బిగించి చూడండి. జాకీ ఎత్తకముందే, చక్రం నేలపై ఉన్నప్పుడే నట్లు వదులు చేయాలి. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్టు బిగించాలి. కడ్డీపై కాలేసి తొక్కకండి. డెబ్భై కిలోల మనిషి అర మీటరు కడ్డీ చివర నిలబడితే కారు నట్టుకు కావాల్సినదానికి మూడింతలు దాటుతుంది. కంపెనీ చెప్పకపోతే మరకు గ్రీజు పూయకండి. జారుడు పెరిగి అదే కొలతకు బోల్టు ఎక్కువ సాగుతుంది. టార్క్ పానాను బిగించడానికే వాడండి, విప్పడానికి కాదు.

టైరు షాపులో ఒక్క మాట అడగండి. ‘ఆఖరి బిగింపు టార్క్ పానాతో చేశారా?’ అని. అడగడం నామోషీ కాదు. అక్కడి నుంచి యాభై, వంద కిలోమీటర్ల లోపు ఎక్కడైనా ఆగి మళ్లీ చూసుకోండి. కౌలాలంపూర్ నుంచి ఉత్తరానికి వెళ్లేవాళ్లకు తంజుంగ్ మలిమ్, దక్షిణానికి వెళ్లేవాళ్లకు సెరంబన్ చుట్టుపక్కల విశ్రాంతి స్థలాలు ఆ లెక్కకు సరిపోతాయి. పిల్లలు ఐస్‌క్రీమ్ తినేలోపు పని అయిపోతుంది.

క్లాంగ్ పెద్దాయన షెడ్డులో ఇప్పుడు పానా పట్టేది ఎక్కువగా నేపాల్, బంగ్లాదేశ్ కుర్రాళ్లే. ఆయన మనవరాలు అకౌంటెంట్, మనవడు నాలాగే కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. ఆయనకు దాని మీద బాధేమీ లేదు. ఆయన కోరిక ఒక్కటే. ‘‘మా పని మీ పిల్లలు చెయ్యక్కర్లేదు. పని సరిగా అయిందో లేదో చూసుకునేంత తెలిస్తే చాలు’’ అంటారు. ఈ వారం మీ పిల్లలతో ఆ పది నిమిషాల పని చేయించండి.