గల్ఫ్‌కు వెళ్లేవారిని ఆరోగ్యపరంగా సిద్ధం చేయడం

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల్లోనూ, కడప, గోదావరి జిల్లాల్లోనూ గల్ఫ్‌కు మనిషి వెళ్లని ఊరు అరుదు. ప్రయాణం ఖాయమైన నాటి నుంచి వీసా, టికెట్, ఏజెంటుకు కట్టాల్సిన సొమ్ము, తెచ్చిన అప్పు, వీటి చుట్టూనే ఇల్లంతా తిరుగుతుంది. వెళ్లే మనిషి ఒంటి సంగతి ఎవరూ అడగరు. అడిగితే 'మెడికల్ అయింది కదా' అంటారు. గ్రామంలో ఆరోగ్య కార్యకర్తగా పనిచేస్తున్న మీరు, లేదా రేపు పనిచేయబోయే మీరు, ఆ మాట దగ్గరే ఆగాలి. ఈ భాగంలో ఆ మెడికల్ తర్వాత కూడా మిగిలిపోయే పని ఏమిటో తెలుసుకుందాం.

1. మెడికల్ పరీక్ష దేనికోసం?

గల్ఫ్ దేశాలు గుర్తించిన కేంద్రాల్లోనే ఈ పరీక్ష చేయించుకోవాలి. ఒకప్పుడు దీన్ని గమ్కా అనేవారు, ఇప్పుడు వాఫిద్ అంటున్నారు. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. రక్తంలో హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి వంటివి ఉన్నాయేమో చూస్తారు. దీని ముఖ్య ఉద్దేశం అంటువ్యాధులు ఆ దేశంలోకి రాకుండా ఆపడం. ఎండలో పది గంటలు ఇనుము మోయగలడా, అతని కిడ్నీలు అందుకు తట్టుకుంటాయా అన్న ప్రశ్నకు ఇందులో జవాబు దొరకదు. ఆ ప్రశ్న అడగవలసింది మీరే.

ఇంకొక సంగతి. ఎప్పుడో క్షయ వచ్చి, మందులు పూర్తిగా వాడి, నయమైన మనిషికి కూడా ఊపిరితిత్తుల మీద మచ్చ మిగిలి ఉండవచ్చు. ఆ మచ్చ కనిపిస్తే 'అన్‌ఫిట్' అని రాస్తారు. ఇక్కడ గట్టెక్కినా, అక్కడ దిగాక నివాస అనుమతి కోసం మళ్లీ పరీక్ష ఉంటుంది. అందులో పట్టుబడితే తిరుగు విమానం ఎక్కిస్తారు. మనిషి వెనక్కి వస్తాడు, అప్పు మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చిన చరిత్ర ఉంటే, ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకముందే ప్రభుత్వ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించుకోమని చెప్పండి.

2. సంచిలో ఏముంది?

షుగరుకో, బీపీకో రోజూ మందు వేసుకునేవారు ఆ మందును డాక్టరు చీటీతో సహా, కంపెనీ వేసిన పెట్టెలోనే తీసుకెళ్లాలి. విడి మాత్రలు పొట్లం కట్టుకుని వెళ్లకూడదు. చీటీ మీద మందు అసలు పేరు ఇంగ్లీషులో స్పష్టంగా ఉండాలి. ఇన్సులిన్‌ను చేతి సంచిలోనే పెట్టుకోవాలి. విమానం కింది భాగంలో వేసే సామానులో అది గడ్డకట్టి పాడైపోవచ్చు.

అసలు ప్రమాదం మనం మామూలు మందు అనుకునేవాటితో వస్తుంది. ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు, కొడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు, నిద్రకు వేసుకునే ఆల్ప్రాజోలం యుఏఈ, ఖతర్, సౌదీ వంటి దేశాల్లో గట్టి నియంత్రణలో ఉన్నాయి. యుఏఈకి ఇటువంటివి తీసుకువెళ్లాలంటే ఆ దేశ ప్రభుత్వ అనుమతి ముందుగా తీసుకోవాలి. లేకపోతే జైలు. మసాలా డబ్బాలో గసగసాలు ఉన్నా ఇదే పరిస్థితి. మన వంటింట్లో అవి కూరలో చిక్కదనానికి వాడే గింజలు, అక్కడి చట్టం దృష్టిలో నల్లమందు మొక్క గింజలు. తల్లి ప్రేమగా కట్టిచ్చిన మసాలా పొడిలో గసగసాలు పడ్డాయేమో అడగడం మీ బాధ్యత అనుకోండి. అలాగే 'మా తమ్ముడికి ఇవ్వన్నా' అంటూ ఎవరో చేతిలో పెట్టే పొట్లం. మొహమాటపడకుండా వద్దనాలి. సంచిలో దొరికినదానికి జవాబు చెప్పవలసింది సంచి మోసినవాడే.

ఇక ఎవరూ పైకి చెప్పని విషయం కల్లు. తెలంగాణలోని కొన్ని ప్రాంతాల్లో కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారన్నది మీకు తెలిసినదే. ఏళ్ల తరబడి రోజూ అది తాగిన మనిషికి తెలియకుండానే ఆ మత్తుమందు అలవాటైపోతుంది. 2015లో కల్తీ మీద ప్రభుత్వం గట్టిగా విరుచుకుపడినప్పుడు నిజామాబాద్ వంటి చోట్ల ఆసుపత్రులు వణుకుతున్న, పిచ్చిగా మాట్లాడుతున్న, ఫిట్స్ వచ్చిన మనుషులతో నిండాయి. అదే మనిషి అలవాటును హఠాత్తుగా వదిలి విమానమెక్కితే, దిగిన కొద్ది రోజులకే లేబర్ క్యాంపులో ఇవే లక్షణాలు కనిపిస్తాయి. నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, లేనివి కనబడతాయి. క్యాంపులో వాళ్లు దాన్ని పిచ్చి అనుకుంటారు, లేదా దయ్యం అనుకుంటారు. కాబట్టి ప్రయాణానికి కొన్ని వారాల ముందే ఆ అలవాటు గురించి ఏకాంతంగా అడగండి. తప్పు పట్టినట్టు అడిగితే నిజం చెప్పరు. ఉందని తేలితే, హఠాత్తుగా మానిపించకుండా డాక్టరు పర్యవేక్షణలో క్రమంగా తగ్గించాలి.

3. ఎండ

'మనకు ఎండ కొత్తా?' అని రామగుండం పక్క ఊళ్ల వాళ్లు నవ్వుతారు. ఎండ కొత్త కాదు, ఆ పని వేగం కొత్త. మన పొలంలో పదకొండు దాటితే వేపచెట్టు కిందికి చేరతాం. అక్కడ ఎప్పుడు ఆగాలో చెప్పేది మన ఒళ్లు కాదు, ఫోర్‌మన్. పైగా సముద్రం పక్కనున్న దుబాయి, దోహా వంటి చోట్ల గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది కానీ ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచలేదు.

శరీరం కొత్త వేడికి అలవాటు పడటానికి ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది. అందుకే మొదటి వారమే ఎక్కువ ప్రమాదం. రెండు నెలల సెలవుకు వచ్చి తిరిగి వెళ్లే పాతకాపు కూడా ఈ విషయంలో కొత్తవాడే. పదేళ్ల అనుభవం అతని శరీరంలో నిలవ ఉండదు. వేసవి మధ్యలో వెళ్లేవారికి ఈ మాట తప్పకుండా చెప్పండి.

మధ్యాహ్నం ఆరుబయట పని ఆపాలని ఆ దేశాల్లో నియమాలున్నాయి. యుఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా, సౌదీలో అవే తేదీల్లో 12 నుంచి 3 దాకా. ఖతర్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి 3.30 దాకా ఆపాలి. అయితే ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాసేవారి దగ్గరకు తనిఖీ అధికారి రావడం కష్టం. వారికి నియమం కంటే నీళ్ల డబ్బా ఎక్కువ ఉపయోగం.

దాహం వేసే వరకు ఆగకుండా ఎండలో పని ఉన్నంతసేపు ప్రతి పావుగంటకు, ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు తాగాలి. మూత్రం చిక్కటి పసుపు రంగులోకి తిరిగిందంటే నీళ్లు చాలలేదని అర్థం. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో సమంగా కొలిచి కలపాలి. నీళ్లు తగ్గిన ఒంటితో రోజూ డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు మింగడం కిడ్నీలకు చేటు. ఒళ్లు నొప్పులకు ఆ మాత్రలు సంచి నిండా కొనుక్కుపోయేవారిని మీరు చూసే ఉంటారు.

తోటివాడు తడబడుతూ మాట్లాడినా, అయోమయంగా చూసినా, కుప్పకూలినా అది వడదెబ్బ అని భావించాలి. చెమట పడుతున్నా సరే. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్లు పోసి విసరాలి. మెడ దగ్గర, చంకల్లో మంచు పెట్టాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు. అంబులెన్సుకు యుఏఈలో 998, సౌదీలో 997, ఖతర్‌లో 999. ఈ నంబర్లను ఫోనులో ఇక్కడే ఎక్కించి పంపండి.

4. టీకాలు, బీమా

గల్ఫ్‌లో ఉద్యోగానికి ఇక్కడి నుంచి నేరుగా వెళ్లేవారికి ఎల్లో ఫీవర్ టీకా అవసరం లేదు. ఆఫ్రికా దేశాలకు వెళ్లేవారికి అవసరం కావచ్చు. దాన్ని కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. హజ్, ఉమ్రా యాత్రికులకు మెనింజైటిస్ టీకా కావాలి. ధనుర్వాతం టీకా ఎవరికైనా మంచిదే.

పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టుకు వలస అనుమతి తప్పనిసరి. దానితోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా. పన్ను కాకుండా రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు కడితే, ప్రమాదంలో మరణించినా శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షలు వస్తాయి. విజిట్ వీసా మీద పనికి వెళ్లేవారికి ఆ అనుమతీ ఉండదు, ఈ బీమా కూడా ఉండదు. 'అక్కడికి వెళ్లాక వీసా మార్పిస్తాం' అని ఏజెంటు అన్నాడంటే, చెయ్యి విరిగినా ఆసుపత్రి ఖర్చు ఎవరు పెడతారని అతన్ని అడగమనండి. పాలసీ కాగితం నకలు ఒకటి ఇంట్లో ఉండాలి. చాలా ఇళ్లలో అసలు పాలసీ ఉందన్న సంగతే భార్యకు తెలియదు.

అభ్యాసం

నలభై ఐదేళ్ల వ్యక్తి మూడు నెలల సెలవు తర్వాత జూన్ చివరి వారంలో దోహాకు తిరిగి వెళుతున్నాడు. షుగరు ఉంది, నడుము నొప్పికి ట్రమడాల్ వాడుతున్నాడు. ప్రయాణానికి ఇరవై రోజుల గడువుంది. అతని ఇంటికి మీరు ఎన్నిసార్లు వెళతారు, మొదటిసారి ఏమడుగుతారు, అతని భార్యతో విడిగా ఏం మాట్లాడతారు? మీ సమాధానాన్ని ఒక పేజీలో రాసి సంపర్క తరగతికి తీసుకురండి.