ఒకే స్పీకర్ల జతను రెండు కంప్యూటర్లకు కలపడం

ఒకే స్పీకర్ల జతను రెండు కంప్యూటర్లకు కలపడం అనగా రెండు కంప్యూటర్ల నుండి వెలువడే ధ్వని సంకేతాలను ఒకే జత స్పీకర్లలో వినగలిగేటట్లు అమర్చుకోవడం. ఇళ్ళలో బల్లపై స్థలం, ఖర్చు ఆదా చేయడానికి ఈ అమరికను వాడతారు. హైదరాబాదులోని జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్ వంటి ప్రాంతాలలో సినిమా ఎడిటింగు, డబ్బింగు, మిక్సింగు పనులు జరిగే గదులలో మాత్రం దీనికి మరొక ముఖ్యమైన కారణం ఉన్నది. రెండు యంత్రాల ధ్వనిని ఒకే కొలబద్దతో పోల్చి వినడమే ఆ కారణం. పైకి ఇది రెండు తీగలను ముడివేసే చిన్న పనిగా కనిపించినప్పటికీ, నేరుగా ముడివేయడం తప్పు పద్ధతి. రెండింటిలో ఒకదానిని ఎంచుకొనే స్విచ్చు గాని, రెండింటినీ తగిన నిరోధాల ద్వారా కలిపే మిక్సరు గాని మధ్యలో ఉండవలెను.

నేపథ్యం

తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుండి క్రమంగా హైదరాబాదుకు తరలివచ్చిన తరువాత జూబ్లీ హిల్స్, దాని పొరుగున ఉన్న ఫిల్మ్ నగర్ ఆ పరిశ్రమకు కేంద్రాలైనవి. అక్కినేని నాగేశ్వరరావు స్థాపించిన అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో ప్రారంభమైనది. దగ్గుబాటి రామానాయుడు నెలకొల్పిన రామానాయుడు స్టూడియోస్, తెలుగు ఫిల్మ్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ భవనం ఫిల్మ్ నగర్‌లో ఉన్నవి.

పూర్వం సినిమా శబ్దాన్ని అయస్కాంత టేపులపై నమోదు చేసి మిక్సింగు చేసేవారు. 1990ల నుండి ఈ పని కంప్యూటర్లకు మారింది. ప్రో టూల్స్ అను ప్రసిద్ధ సాఫ్టువేరు 1991లో విడుదలైనది. శబ్దానికి సంబంధించిన గదులలో తరచుగా రెండు కంప్యూటర్లు ఉంటాయి. ఒకటి దృశ్యాన్ని నడిపేది గాని, ఎడిటరు కూర్చిన తాత్కాలిక శబ్దాన్ని వినిపించేది గాని అయి ఉంటుంది. రెండవది సంభాషణలు, సంగీతం, ఇతర శబ్దాలను మిక్సింగు చేసేది. గదిలోని స్పీకర్లు మాత్రం ఒక్కటే.

ఒకే జత ఎందుకు

చెవి వినేది స్పీకరు నుండి వచ్చే ధ్వనిని మాత్రమే కాదు. గోడలు, కప్పు, బల్లల నుండి పరావర్తనం చెందిన ధ్వని కూడా అందులో కలిసి ఉంటుంది. అందువలన ఒకే పాట రెండు వేర్వేరు స్పీకర్లలో రెండు విధాలుగా వినిపిస్తుంది. ఎడిటింగు యంత్రానికి ఒక జత, మిక్సింగు యంత్రానికి మరొక జత పెట్టినచో, వినిపించిన తేడా శబ్దంలో ఉన్నదా, స్పీకర్లలో ఉన్నదా అన్నది తెలియదు. ఒకే తక్కెడలో తూచినప్పుడే రెండు సరుకుల బరువును పోల్చగలిగినట్లు, ఒకే జతలో విన్నప్పుడే రెండు శబ్దాలను పోల్చగలము.

నేరుగా ఎందుకు కలపరాదు

బజారులో 'వై' అక్షరం ఆకారంలో ఉండే తీగలు చవకగా దొరుకుతాయి. ఇవి ఒక అవుట్‌పుట్‌ను రెండు ఇన్‌పుట్‌లకు పంచడానికి ఉద్దేశించినవి. వీటిని తలక్రిందులుగా వాడి, రెండు అవుట్‌పుట్‌లను ఒక ఇన్‌పుట్‌కు కలపడం అందరూ చేసే పొరపాటు.

దీనిని నీటి పైపుల ఉదాహరణతో గ్రహించవచ్చును. ఇంటిలో బోరు పైపును, మునిసిపాలిటీ నీటి పైపును ఒకే ట్యాంకుకు కలిపి, మధ్యలో వెనుకకు ప్రవహించనీయని వాల్వు పెట్టకపోతే, బోరు మోటారు నడిచినప్పుడు నీరు ట్యాంకుకే గాక రెండవ పైపులోనికి కూడా పోతుంది. విద్యుత్ సంకేతం విషయంలోను ఇంతే.

కంప్యూటరు అవుట్‌పుట్‌కు అంతర్గతంగా తక్కువ అవరోధం ఉంటుంది. స్పీకర్ల ఇన్‌పుట్‌కు సాధారణంగా 10 కిలో ఓములు గాని అంతకు మించి గాని ఉంటుంది. ధ్వని రాకున్నను కంప్యూటరు అవుట్‌పుట్ తెగిన తీగ వంటిది కాదు. అది తన తీగను సున్న ఓల్టుల వద్ద పట్టి ఉంచుతుంది. ఉదాహరణకు రెండు కంప్యూటర్ల అవరోధం చెరి 100 ఓములు అనుకొందాము. మొదటిది 1 ఓల్టు సంకేతం పంపుతున్నది, రెండవది మౌనంగా ఉన్నది. అప్పుడు:

* వలయంలోని మొత్తం అవరోధం 100 + 100 = 200 ఓములు.
* ప్రవహించే విద్యుత్తు 1 ÷ 200 = 5 మిల్లీ ఆంపియర్లు. ఇందులో దాదాపు అంతా స్పీకర్లకు గాక రెండవ కంప్యూటరు లోనికి పోతుంది.
* స్పీకర్లకు అందే ఓల్టేజి సుమారు సగం మాత్రమే.

హెడ్‌ఫోను సాకెట్ల అవరోధం ఇంకా తక్కువ కాబట్టి వాటిలో ప్రవాహం మరింత ఎక్కువగా ఉంటుంది. ఫలితంగా శబ్దం తగ్గడం, బొంగురుపోవడం, కాలక్రమేణా అవుట్‌పుట్ సర్క్యూటు పాడవడం జరుగవచ్చును. కొన్ని కంప్యూటర్లు ఆపివేసి ఉన్నప్పుడు కూడా వాటి సర్క్యూటు రెండవదాని సంకేతాన్ని వికృతం చేస్తుంది.

పద్ధతులు

1. ఎంపిక స్విచ్చు: ఒకసారి ఒకే కంప్యూటరును విననిచ్చే స్విచ్చు. ఎడమ, కుడి ఛానెళ్ళు రెండూ ఒకేసారి మారవలెను కాబట్టి రెండు ధ్రువాలు, రెండు దారులు గల స్విచ్చు కావలెను. దీనిలో సంకేతం ఏ మార్పూ లేకుండా పోతుంది. శబ్దాలను పోల్చడానికి ఇది అత్యుత్తమం. రెండింటినీ ఒకేసారి వినలేకపోవడం దీని పరిమితి. మార్చే ముందు స్పీకర్ల శబ్దాన్ని తగ్గించినచో 'టప్' మనే చప్పుడు రాదు. ఒకే కీబోర్డు, మౌసు, తెరలను రెండు కంప్యూటర్లకు వాడుకొనే కేవీఎం స్విచ్చులలో కొన్నింటికి ఈ ధ్వని సదుపాయం కూడా ఉంటుంది.

2. నిరోధాలతో మిక్సింగు: ప్రతి అవుట్‌పుట్‌కు ఒక నిరోధాన్ని జతచేసి, ఆ తరువాత కలపడం. స్టీరియోకు నాలుగు నిరోధాలు అవసరం. ఎడమ ఛానెలుకు రెండు, కుడి ఛానెలుకు రెండు. 1 కిలో ఓము విలువ, పావు వాటు సామర్థ్యం సరిపోతాయి. 1 కిలో ఓము నిరోధంపై గోధుమ, నలుపు, ఎరుపు పట్టీలు వరుసగా ఉంటాయి. పై ఉదాహరణలో ఇప్పుడు మొత్తం అవరోధం 2,200 ఓములు అవుతుంది. ప్రవాహం 5 నుండి సుమారు 0.45 మిల్లీ ఆంపియర్లకు పడిపోతుంది. ఓల్టేజి సగమగుట వలన శబ్దం 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. స్పీకర్ల మీటను కొంత పెంచి దానిని సరిచేసుకోవచ్చును.

3. మిక్సరు లేక మానిటరు కంట్రోలరు: ప్రతి కంప్యూటరుకు వేర్వేరు ఇన్‌పుట్, వేర్వేరు మీట ఉండే పరికరం. దీని లోపలి సర్క్యూటు ఒక కంప్యూటరు సంకేతాన్ని రెండవదాని లోనికి పోనీయదు. వృత్తిపరమైన గదులలో దీనినే వాడతారు.

4. ఒక కంప్యూటరు గుండా రెండవది: మొదటి కంప్యూటరు అవుట్‌పుట్‌ను రెండవదాని లైన్ ఇన్ సాకెట్‌కు కలిపి, రెండవదానికి స్పీకర్లను తగిలించడం. పీసీ 99 నిర్దేశం ప్రకారం అవుట్‌పుట్ సాకెట్ లేత ఆకుపచ్చ, లైన్ ఇన్ లేత నీలం, మైకు గులాబీ రంగులో ఉంటాయి. నీలి సాకెట్ లేని లాప్‌టాపులలో మైకు సాకెట్‌ను వాడరాదు. అది చాలా బలహీనమైన సంకేతానికి ఉద్దేశించినది, పైగా తరచుగా ఒకే ఛానెలు కలది. ఈ పద్ధతిలో రెండవ కంప్యూటరు ఎప్పుడూ నడుస్తూ ఉండవలెను.

5. బ్లూటూత్: తీగల బెడద ఉండదు. కాని ధ్వని ఆలస్యంగా చేరుతుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు చొప్పున నడుస్తుంది, అనగా ఒక్కొక్క ఫ్రేము సుమారు 42 మిల్లీ సెకన్లు. ధ్వని 150 మిల్లీ సెకన్లు ఆలస్యమైనచో మాట పెదవి కదలికకు మూడున్నర ఫ్రేములు వెనుకబడుతుంది. పాటలు వినడానికి ఇది అడ్డుకాదు గాని, డబ్బింగు సరిచూడడానికి పనికిరాదు.

ఈ పద్ధతులలో తీగలతో కూడినవన్నీ ఆంప్లిఫైయరుకు ముందు ఉండే బలహీన సంకేతానికి మాత్రమే వర్తిస్తాయి. రెండు ఆంప్లిఫైయర్ల నుండి స్పీకరుకు వెళ్ళే తీగలను ఎట్టి పరిస్థితిలోను ఒకదానితో ఒకటి కలపరాదు. కలిపినచో ఆంప్లిఫైయర్లు కాలిపోవచ్చును.

శబ్ద స్థాయిలను సమానం చేయడం

గృహోపకరణాల ప్రామాణిక సంకేతం సుమారు 0.316 ఓల్టులు, వృత్తిపరమైన పరికరాలది సుమారు 1.23 ఓల్టులు. వీటి మధ్య తేడా దాదాపు 12 డెసిబెల్‌లు. మామూలు లాప్‌టాపును, స్టూడియో యంత్రాన్ని ఒకే స్పీకర్లకు కలిపినప్పుడు ఈ తేడా తప్పక వినిపిస్తుంది.

ఇది కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. ఒకే శబ్దాన్ని కొంచెం బిగ్గరగా వినిపించినచో అదే మెరుగైనదిగా చెవికి తోస్తుంది. ఎడిటింగు యంత్రం నుండి వచ్చే తాత్కాలిక శబ్దం బిగ్గరగా, మిక్సింగు యంత్రం నుండి వచ్చేది నెమ్మదిగా వినిపించిన గదిలో, శ్రమపడి చేసిన మిక్సింగు చప్పగా ఉన్నదనే పొరపాటు తీర్పు వెలువడే ప్రమాదం ఉన్నది. దానిని సరిచేయబోయి సంగీతాన్ని పెంచినచో, థియేటరులో సంభాషణలు మునిగిపోతాయి. అందుచేత రెండు యంత్రాల నుండి ఒకే పరీక్షా ధ్వనిని వినిపించి, శబ్దమాపకంతో కొలిచి, మీటలను సమానం చేయవలెను. సినిమా మిక్సింగు థియేటర్లలో తెర వెనుక ఉండే ఒక్కొక్క స్పీకరును పింక్ నాయిస్ అను పరీక్షా ధ్వనితో 85 డెసిబెల్‌లకు సరిచేయడం ప్రామాణికం. చిన్న గదులలో ఇంతకంటె తక్కువకు సరిచేస్తారు.

'గుంయ్' మనే శబ్దం - ఎర్తింగు

రెండు కంప్యూటర్లను కలిపిన వెంటనే స్పీకర్లలో సన్నగా 'గుంయ్' మనే శబ్దం రావచ్చును. రెండు కంప్యూటర్లు వేర్వేరు చోట్ల ఎర్తు తీగకు కలిసి ఉండగా, ధ్వని తీగ ద్వారా వాటి మధ్య మరొక దారి ఏర్పడడమే దీనికి కారణం. భారతదేశంలో విద్యుత్ సరఫరా పౌనఃపున్యం 50 హెర్ట్జ్ కావడం వలన ఈ శబ్దం 50, 100 హెర్ట్జ్‌ల వద్ద వినిపిస్తుంది. నివారణ మార్గాలు:

* రెండు కంప్యూటర్లకు, స్పీకర్లకు ఒకే ప్లగ్ పాయింటు నుండి, దాని సామర్థ్యం మించకుండా, విద్యుత్తు ఇవ్వడం.
* ధ్వని తీగలను పొట్టిగా, విద్యుత్ తీగలకు దూరంగా ఉంచడం.
* ధ్వని తీగ మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరును అమర్చడం.
* సదుపాయం ఉన్నచోట ఎక్స్‌ఎల్‌ఆర్ వంటి బ్యాలెన్స్‌డ్ తీగలను వాడడం.

కొందరు ప్లగ్గులోని పెద్ద పిన్నును, అనగా ఎర్తు పిన్నును తొలగించి ఈ శబ్దాన్ని ఆపుతారు. ఇది ప్రాణాపాయకరం. కంప్యూటరు లోపల తీగ తెగి లోహపు పెట్టెకు తగిలినప్పుడు, ఆ విద్యుత్తును భూమిలోనికి పంపి మనిషిని కాపాడేది ఆ పిన్నే. అది లేనిచో, ముట్టుకొన్నవారి శరీరమే దారి అవుతుంది. శబ్దం పోలేదని ఎర్తు తీగను మాత్రం ఎన్నడూ తొలగించరాదు.

ఏ పద్ధతి ఎవరికి

ఇంటిలో ఒకసారి ఒకే కంప్యూటరును వినేవారికి స్విచ్చు చాలును. ఒకదానిలో పాఠం వింటూ, రెండవదాని సందేశ ధ్వనులు కూడా వినదలచిన విద్యార్థికి నాలుగు నిరోధాల పెట్టె గాని, చిన్న మిక్సరు గాని అనుకూలం. నిరోధాల పెట్టెను పాఠశాల భౌతికశాస్త్ర ప్రయోగంగా కూడా చేయవచ్చును. శబ్దంపై తీర్పు చెప్పవలసిన ఎడిటింగు, మిక్సింగు గదులకు స్థాయిలను సమానం చేసిన మానిటరు కంట్రోలరే తగినది.

ఇవి కూడా చూడండి

* ఓమ్ నియమం
* డెసిబెల్
* ఆంప్లిఫైయరు
* ఫిల్మ్ నగర్
* తెలుగు సినిమా