గది శుభ్రం సరే... మనిషి భద్రమేనా?

తిరుమలగిరి:
పొద్దు పొడవక ముందే తిరుమలగిరి కూడలి మీదుగా కంపెనీ బస్సులు శామీర్‌పేట వైపు సాగిపోతుంటాయి. రాజీవ్ రహదారి వెంట అల్వాల్, హకీంపేట దాటి తుర్కపల్లి చేరితే అదే జీనోమ్ వ్యాలీ. 1999లో మొదలైన ఈ ప్రాంతంలోనే టీకాలు, మందులు తయారు చేసే సంస్థలు వెలిశాయి. 2021 జనవరిలో అనుమతి పొందిన కోవాగ్జిన్ టీకా ఇక్కడిదే. మన పల్లెల పిల్లలు కొందరు ఈ సంస్థల్లోని 'క్లీన్‌రూము'ల్లో పనికి కుదురుతున్నారు.

ఏమిటీ గది? దుమ్ము కణం కూడా చొరబడకుండా గాలిని వడగట్టి పంపే గది. 1960ల మొదట్లో అమెరికాలో విల్లిస్ విట్‌ఫీల్డ్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి రూపమిచ్చారు. వెంట్రుక మందంలో నూరో వంతు కన్నా చిన్న కణాలను కూడా ఇక్కడి వడపోత పట్టేస్తుంది. లోపలికి వెళ్లేవారు పౌడరు, కాటుక, పూలు, గాజులు అన్నీ బయటే వదలాలి. తల నుంచి కాలి దాకా తెల్ల దుస్తులు తొడగాలి.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఆ దుస్తులు మందును మనిషి నుంచి కాపాడేవి. మనిషిని మందు నుంచి కాపాడేవి కావు! మన ఒంటి నుంచి రాలే పొట్టు, నోటి తుంపర మందులో పడకుండా ఆపుతాయంతే. మందుపొడి, ఘాటు ఆవిరి పీల్చకుండా ఉండాలంటే వేరే మాస్కు, కళ్లద్దాలు, తగిన చేతి తొడుగులు కావాలి.

గాలి సంగతీ అంతే. మామూలు క్లీన్‌రూములో గాలి లోపలి నుంచి బయటకు తోస్తుంది. ప్రమాదకర వైరస్‌తో పనిచేసే గదిలో బయటి గాలి లోపలికి వస్తుంది. తాను పనిచేసే గది ఏ రకమో కార్మికుడు ముందు తెలుసుకోవాలి.

అసలు ముప్పు కంటికి కనబడదు. పాడుబడ్డ బావిలోకి దిగే ముందు దీపం దించి చూడటం మన పెద్దలకు తెలిసిందే. నైట్రోజన్ వాయువు కూడా ఆ బావి గాలి లాంటిదే. రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో లీకయితే ఆక్సిజన్ తగ్గి మనిషి నిలువునా కూలిపోతాడు. పడిపోయిన వాడి కోసం పరుగెత్తితే రెండో ప్రాణమూ పోతుంది. ముందు అలారం మోగించాలి, శ్వాస పరికరం ఉన్నవారే లోపలికి వెళ్లాలి.

బల్లలు తుడిచే ఆల్కహాలు పెట్రోలులా మండుతుంది. వేడి పరికరాల దగ్గర చల్లకూడదు. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి తప్ప నీళ్లను యాసిడ్‌లో పోయరాదు. కంట్లో చుక్క పడితే పదిహేను నిమిషాలు నీటితో కడిగి ఆస్పత్రికి వెళ్లాలి. ఆటోక్లేవ్‌లో ఆవిరి వేడి 121 డిగ్రీలు. ఒత్తిడి పూర్తిగా దిగాకే మూత తీయాలి. అల్ట్రా వయొలెట్ దీపం ఆర్పాకే గదిలో అడుగు పెట్టాలి. నిప్పు అంటుకుంటే దుస్తులు విప్పే నియమం పక్కన పెట్టి బయటపడాలి.

అడిగితే ఉద్యోగం పోతుందని భయపడేవారూ ఉన్నారు. 1984 భోపాల్ దుర్ఘటన తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదాల గురించి తెలుసుకునే హక్కు, ముప్పు ముంచుకొస్తే హెచ్చరించే హక్కు కార్మికుడికి ఇచ్చారు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా స్మృతిలోనూ ఆ హక్కులున్నాయి. కాంట్రాక్టు మీద వచ్చినా ప్రాణం ప్రాణమే కదా!

కొలువు దొరికిన బిడ్డను 'జీతమెంత?' అని అడగని ఇల్లు లేదు. 'కళ్లద్దాలు ఇచ్చారా? అలారం ఎక్కడుందో చూపించారా?' అని కూడా అడిగితే, పొద్దున బస్సెక్కిన బిడ్డ సాయంత్రం క్షేమంగా తిరుమలగిరిలో దిగుతుంది.