అలసట వేరు, హెచ్చరిక వేరు: వ్యాయామ వేళ శరీరం చెప్పే మాట

2022 జూలైలో అమెరికాలోని యూజీన్‌లో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్‌లో నీరజ్ చోప్రా నాలుగో ప్రయత్నంలో ఈటెను 88.13 మీటర్లు విసిరి రజత పతకం గెలిచారు. ఆ త్రో తర్వాత తొడ భాగంలో ఏదో ఇబ్బంది అనిపించిందని, మిగిలిన ప్రయత్నాల్లో పూర్తి శక్తి పెట్టలేకపోయానని పోటీ అనంతరం ఆయన తెలిపారు. ఎంఆర్‌ఐ పరీక్షలో గజ్జ భాగంలో గాయమైనట్లు తేలింది. వైద్యులు నెల రోజుల విశ్రాంతి సూచించారు. బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలు అప్పటికి గుమ్మంలోనే ఉన్నాయి. అందులో ఆయన గత విజేత, పైగా భారత పతాకధారి. అయినా తప్పుకున్నారు. ఆగస్టు 26న లూసాన్‌లో తిరిగి బరిలోకి దిగి 89.08 మీటర్ల త్రోతో మొదటి స్థానంలో నిలిచారు.

ఆయన బదులు బర్మింగ్‌హామ్‌లో పతాకం అందుకున్నవారిలో తెలుగు క్రీడాకారిణి పీవీ సింధు ఒకరు. అక్కడ క్వార్టర్ ఫైనల్లోనే ఆమెకు ఎడమ కాలి నొప్పి మొదలైంది. ఆ నొప్పితోనే ఆడి ఆగస్టు 8న స్వర్ణం సాధించారు. తర్వాత చేసిన స్కాన్‌లో స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే పడిన ఒత్తిడికి ఎముకలో ఏర్పడే సన్నని చీలిక బయటపడింది. ఆ నెలలోనే టోక్యోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌కు ఆమె దూరమయ్యారు. మళ్లీ పోటీలో కనిపించింది 2023 జనవరిలో, మలేసియా ఓపెన్‌లో.

ఈ రెండు నిర్ణయాల్లో ఏది సరైనదని బయటివారు తీర్పు చెప్పలేరు. కామన్వెల్త్ సింగిల్స్ స్వర్ణం అంతవరకు సింధుకు అందనిది; దాని విలువ తూచుకోవలసింది ఆమే. అయితే ఇద్దరికీ వెన్నంటి ఫిజియోలు, వైద్యులు, స్కాన్ యంత్రాలు ఉన్నాయి. పొద్దున్నే కాలనీ పార్కులో పరుగెత్తే గుమాస్తాకు, కొత్తగా జిమ్‌లో చేరిన గృహిణికి అవేవీ ఉండవు. తమ శరీరం చెప్పేదే వారికి తొలి పరీక్ష. అందుకే ఆ మాటలో ఏది మామూలు అలసట, ఏది హెచ్చరిక అన్నది విడదీసి తెలుసుకోవడం వారికే ఎక్కువ అవసరం.

తిరుమల కొండను కాలినడకన ఎక్కి దిగిన వారికి మొదటి రకం బాగా తెలుసు. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కాసేపు కూర్చుంటే పోతుంది. దిగి వచ్చిన మరునాడు మాత్రం తొడలు పట్టేస్తాయి, కుర్చీలో కూర్చోవడమే కష్టమవుతుంది. కారణం దిగడంలోనే ఉంది. మెట్టు దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే శరీర బరువును ఆపాలి. అలవాటు లేని కండరంలో ఈ పని సూక్ష్మమైన చిరుగులు కలిగిస్తుంది. వాటిని మరమ్మతు చేసే క్రమంలో వచ్చే వాపే ఆ నొప్పి. ఇది వెంటనే రాదు. 12 నుంచి 24 గంటల్లో మొదలై, రెండు మూడు రోజుల్లో తారస్థాయికి చేరి, వారంలోపు తగ్గిపోతుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకోవడం వల్ల ఈ నొప్పి వస్తుందన్న మాట జిమ్‌లలో ఇప్పటికీ వినిపిస్తుంది. అది నిజం కాదు. వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలోనే రక్తంలో లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది.

ఈ మామూలు నొప్పికి కొన్ని గుర్తులున్నాయి. రెండు వైపులా ఉంటుంది, కండరమంతా పరుచుకుని ఉంటుంది, కాస్త నడిస్తే సడలుతుంది. హెచ్చరికగా వచ్చే నొప్పి తీరు వేరు. ఒక వైపే ఉంటుంది, వేలితో ఇదిగో ఇక్కడ అని చూపగలిగేంత చిన్న చోట ఉంటుంది, కదిలేకొద్దీ పెరుగుతుంది. ఎముక చీలిక మొదట్లో పరుగు చివర మాత్రమే నొప్పి పెడుతుంది. తర్వాత పరుగు మొదట్లోనే మొదలవుతుంది. పట్టించుకోకపోతే రాత్రి పడకలోనూ వదలదు. కీలు వాయడం, బిగుసుకుపోవడం, అడుగు వేస్తుంటే మోకాలు జారినట్లు అనిపించడం కూడా ఈ రెండో కోవలోనివే.

కొత్తగా పరుగు మొదలుపెట్టిన వారిలో ఈ సమస్య తరచుగా ఒకటిన్నర, రెండు నెలలు గడిచాక తలెత్తడానికి తగిన కారణం ఉంది. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే శ్రమకు అలవాటు పడతాయి. కండరాలూ త్వరగానే బలపడతాయి. కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులు, ఎముకలు మాత్రం నెలల తరబడి సమయం తీసుకుంటాయి. కొత్త ఒత్తిడి పడినప్పుడు ఎముక ముందు పాత భాగాన్ని తొలగించి, ఆ తర్వాత కొత్తది కడుతుంది. ఆ నడుమ కొంతకాలం అది మరింత బలహీనంగా ఉంటుంది. ఆయాసం తగ్గిందని, ఒళ్లు తేలికైందని ఉత్సాహంతో దూరం రెట్టింపు చేసేది సరిగ్గా అప్పుడే.

అయితే ప్రతి నొప్పికీ మంచం ఎక్కడం కూడా పొరపాటే. మోకాళ్ల అరుగుదల ఉన్నవారు కదలకుండా కూర్చుంటే తొడ కండరాలు నీరసించి మోకాలిపై భారం పెరుగుతుంది, నొప్పీ పెరుగుతుంది. దీర్ఘకాలిక స్నాయువు నొప్పులకు వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టులు సాధారణంగా ఒక కొలత పాటిస్తారు. సున్నా నుంచి పది వరకు లెక్కలో నొప్పి మూడు దాటకుండా ఉండి, మరునాటి ఉదయానికి మునుపటి స్థితికి వస్తే ఆ శ్రమ భరించదగినదే. మరునాడు ఎక్కువైతే ముందురోజు మోతాదు మించిందని అర్థం.

శ్రమ తీవ్రతనూ ఇలాగే లోపలి నుంచి కొలవవచ్చని 1960వ దశకంలో స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ చూపించారు. ఎంత కష్టంగా అనిపిస్తోందో 6 నుంచి 20 వరకు ఒక అంకెతో చెప్పమంటారు. ఆ అంకెను పదితో హెచ్చిస్తే ఆరోగ్యవంతులైన యువజనులలో నాడి వేగానికి దగ్గరగా వస్తుంది. 13 అంటే కాస్త కష్టంగా ఉందని. ఈ పట్టిక గుర్తులేని వారికి అంతకంటే సులువైన దారి మాట్లాడి చూసుకోవడం. నడుస్తూ పూర్తి వాక్యాలు మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే అది మధ్యస్థ శ్రమ. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవలసి వస్తే తీవ్ర శ్రమ. 220 నుంచి వయసు తీసివేసి గరిష్ఠ నాడి వేగం లెక్కగట్టే పద్ధతి ప్రసిద్ధమే గాని, ఒక్కొక్కరి విషయంలో అది పది, పన్నెండు అంకెలు అటూఇటూ కావచ్చు. రక్తపోటుకు బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి నాడి ఎలాగూ అంతగా పెరగదు. చేతి గడియారం అంతా బాగుందంటున్నా వారి శరీరం అలసిపోయి ఉండవచ్చు.

నొప్పి ఛాతీ వైపు మళ్లితే ఈ కొలతలేవీ పనికిరావు. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ వ్యాయామం తర్వాత అస్వస్థతకు గురై 46 ఏళ్ల వయసులో కన్నుమూసినప్పుడు బెంగళూరులో గుండె పరీక్షల కోసం జనం బారులు తీరారు. జిమ్ అంటేనే భయపడినవారూ ఉన్నారు. ఆ భయానికి ఆధారం తక్కువ. తీవ్రంగా శ్రమించే కాసేపు, ముఖ్యంగా అలవాటు లేనివారిలో, గుండెపోటు ముప్పు పెరిగే మాట వాస్తవమే. క్రమం తప్పక వ్యాయామం చేసేవారిలో మొత్తంమీద ఆ ముప్పు తగ్గుతుంది. అసలు చిక్కు వేరే చోట ఉంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చినట్లు తేలింది. ఇతర దేశాల్లో అది 59కి దగ్గరగా ఉంది. అంటే నలభైలలో ఉన్న మనిషికి ఛాతీ బరువెక్కితే వయసు చిన్నదేనని కొట్టిపారేయడానికి వీల్లేదు. శ్రమిస్తున్నప్పుడు ఛాతీ మధ్య బిగుతు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లని చెమటలు, కళ్లు తిరగడం, నిన్న సులువైన దూరానికే నేడు ఊపిరి అందకపోవడం — వీటిలో ఏది కనిపించినా అక్కడే ఆగి 108కి ఫోన్ చేయాలి. మన ఇళ్లలో ఇలాంటి నొప్పికి గ్యాస్ అని పేరు పెట్టి, సోడా తాగించి గంటలు గడిపేస్తారు. గుండె కండరానికి ఆ గంటలే కీలకం. మధుమేహం చాలాకాలంగా ఉన్నవారిలో నరాలు మొద్దుబారి నొప్పి తెలియకపోవచ్చు. వారు, స్త్రీలు కూడా, అకారణమైన ఆయాసాన్ని, నీరసాన్ని, వికారాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

అరుదైనా తెలిసి ఉండవలసిన గుర్తు మరొకటి ఉంది. చాలాకాలం విరామం తర్వాత ఒక్కసారిగా వందల కొద్దీ గుంజీలు తీసినప్పుడో, ఎండలో విపరీతంగా శ్రమించినప్పుడో కండరాల కణాలు చితికి, అందులోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. భరించలేని నొప్పి, వాపుతో పాటు మూత్రం టీ డికాషన్ రంగులోకి మారితే నీళ్లు తాగుతూ ఇంట్లో వేచి చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

కోలుకుంటున్న తీరు తెలుసుకోవడానికి ఉదయం మంచం దిగకముందు నాడి లెక్కపెట్టుకోవడం పాత పద్ధతే అయినా మంచిది. మామూలు రోజుల అంకె తెలిసి ఉంటే, అది వరుసగా రెండు మూడు రోజులు ఏడెనిమిది ఎక్కువగా ఉన్నప్పుడు నిద్ర చాలలేదనో, నీరు తగ్గిందనో, జ్వరం రాబోతోందనో అనుమానించవచ్చు. దానికి తోడు చిరాకు, ఆకలి మందగించడం, అదే బరువు మరింత బరువుగా తోచడం కలిస్తే ఆ రోజు నడకతో సరిపెట్టడం మేలు. జలుబు ముక్కు వరకే ఉంటే తేలిక వ్యాయామానికి అభ్యంతరం లేదు. జ్వరం, ఒళ్లు నొప్పులు, ఛాతీలో దగ్గు ఉంటే మాత్రం పూర్తిగా ఆపాలి. వైరస్ జ్వరాలు కొందరిలో గుండె కండరానికీ వాపు తెస్తాయి. ఆ దశలో తీవ్రంగా శ్రమిస్తే గుండె లయ ప్రమాదకరంగా తప్పవచ్చు. డెంగీ, కోవిడ్ వంటి వాటి తర్వాత తొలి రోజుల్లో నిదానమైన నడకతోనే మొదలుపెట్టాలి. ఆ నడకకే గుండె దడ, ఛాతీ నొప్పి, మితిమీరిన ఆయాసం వస్తే మళ్లీ పరుగు అందుకునే ముందు వైద్యుడిని కలిసి ఈసీజీ తీయించుకోవాలి.