నేల కుంగుతున్న మహానగరాలు

మెక్సికో నగరం నడిబొడ్డున, రిఫార్మా రహదారి మధ్యలో ఒక స్మారక స్తంభం ఉంది. శిఖరాన బంగారు పూత పూసిన స్వాతంత్ర్య దేవదూత. దాన్ని 1910లో కట్టారు. పాత మెట్లు చాలక తర్వాత మరో 14 చేర్చాల్సి వచ్చింది. స్తంభం ఎత్తును ఎవరూ పెంచలేదు. లోతైన పునాది వల్ల అది నిలబడింది, చుట్టూ ఉన్న వీధులే కిందికి దిగాయి.

భవనాల బరువుకే నేల కుంగుతుందని చాలామంది అనుకుంటారు. బరువు పాత్ర కొంత ఉంది గాని, పెద్ద కారణం బోర్లు. మెక్సికో నగరం కింద ఉన్నది ఒకప్పటి టెస్కోకో సరస్సు అడుగు. అక్కడి బంకమట్టి రేణువులు పల్చని రేకుల్లా ఉంటాయి. వాటి సందుల్లో నిండిన నీరు పైనున్న భారంలో కొంత తానే మోస్తుంది. కింది ఇసుక, కంకర పొరల నుంచి మోటార్లు నీరు తోడేకొద్దీ బంకమట్టిలోని నీరు మెల్లగా అటు జారిపోతుంది. భారమంతా రేణువుల మీదే పడుతుంది. విస్తరాకుల దొంతర మీద బండరాయి పెట్టినట్టు మట్టి అణిగిపోతుంది. మళ్లీ నీరు చేరితే ఇసుక పొర కాస్త ఉబ్బుతుంది, బంకమట్టి దాదాపు లేవదు. కుంగడాన్ని ఆపొచ్చు, కుంగిన నేలను లేపలేం. ఆ నగరంలో కొన్నిచోట్ల నేల ఏడాదికి 50 సెంటీమీటర్ల దాకా దిగుతున్నట్టు రాడార్ ఉపగ్రహాలు కొలిచాయి.

ఆపి చూపించిన నగరం టోక్యో. అక్కడి కోతో వార్డులో నేల 4 మీటర్లకు పైగా కుంగింది. 1956లో ఫ్యాక్టరీల బోర్ల మీద, 1962లో పెద్ద భవనాల బోర్ల మీద చట్టాలు తెచ్చారు. 1970ల నుంచి కుంగుబాటు బాగా తగ్గింది. ఆ తర్వాత వచ్చిన ఇబ్బంది మరీ విచిత్రం. భూగర్భ జలం పైకొచ్చి, నేల లోపలున్న రైల్వే స్టేషన్లను కింది నుంచి పైకి నెట్టసాగింది. ఉయెనో స్టేషన్ అడుగున వేల టన్నుల ఇనుప దిమ్మలు పేర్చారు. టోక్యో స్టేషన్‌ని లోతైన ఉక్కు లంగర్లతో నేలకు బిగించారు.

1921–1965 మధ్య కొన్నిచోట్ల 2 మీటర్లకు పైగా దిగిన షాంఘై, నీరు తోడటం తగ్గించి, భూమిలోకి నీరు ఎక్కించి నెమ్మదించింది. బ్యాంకాక్ భూగర్భ జలానికి ధర పెట్టింది. మన హైదరాబాద్‌లో బోర్లు ఎంత లోతుకు పోయినా నేల ఇలా కుంగకపోవడానికి కారణం కింద ఉన్న గ్రానైట్ రాయి. గోదావరి, కృష్ణా డెల్టాలకు ఆ ధీమా లేదు, అవి ఒండ్రు నేలలు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది జకార్తా. ఐక్యరాజ్యసమితి 2025 అంచనా ప్రకారం దాదాపు 4.2 కోట్ల మందితో ప్రపంచంలోకెల్లా పెద్ద నగరం అదే. నగరంలో సుమారు 40 శాతం సముద్ర మట్టం కన్నా దిగువన ఉంది. ఉత్తరాన మువారా బారులో సముద్రానికి అడ్డంగా గోడ కట్టారు. గోడకు అవతల, నీళ్లలో మునిగి పాడుబడిన మసీదు ఒకటి కనిపిస్తుంది. ఇవతల ఇళ్లు, దుకాణాలు. దేశ రాజధానిని జకార్తా నుంచి బోర్నియో దీవికి తరలిస్తామని ప్రభుత్వం 2019లో ప్రకటించింది. కార్యాలయాలు కదులుతాయి సరే, కోట్లాది జనం కదలరు. వాళ్లు తోడే నీరూ ఆగదు.

2023 ఆగస్టు నుంచి జకార్తాలో పైపుల నీరు అందే కొన్ని ప్రాంతాల్లో పెద్ద భవనాలు బోరు నీళ్లు వాడకూడదన్నారు. సరైన అడుగే. కానీ మున్సిపల్ కుళాయి లేని ఇంటివాళ్లు బోరు ఎలా వదులుకుంటారు? టోక్యోలో ఫ్యాక్టరీల బోర్లు మూయించడం సాధ్యపడింది, బదులుగా పరిశ్రమల కోసమే ప్రత్యేకంగా నీటి పైపులు వేశారు గనుక. కొత్త రాజధానికి పోసే డబ్బులో పెద్ద వాటా ముందు ఉత్తర జకార్తా వీధుల్లో అలాంటి పైపులకే వెళ్లాలి.