రంపపు పొట్టులో దాగిన నీరు

మీ ప్రయోగశాలలో ఒక పరీక్షనాళిక తీసుకొని, మూడో వంతు వరకు ఎండిన రంపపు పొట్టు వేయండి. మూతి కొద్దిగా కిందికి వాలి ఉండేలా నాళికను స్టాండుకు బిగించండి. కిటికీలు తెరిచి, సారా దీపంతో నెమ్మదిగా వేడి చేయండి. మీ సైన్సు మాస్టారు దగ్గర ఉన్నప్పుడే ఈ పని చేయాలి సుమా!

కొద్దిసేపటికే నాళిక మూతి దగ్గర, చల్లని గాజు మీద నీటి బిందువులు కనిపిస్తాయి. చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయిన పొట్టులో ఈ నీరు ఎక్కడిది? ఇంకా వేడి చేస్తే పొట్టు గోధుమరంగుకు తిరుగుతుంది. ఘాటైన వాసన, పొగ వస్తాయి. అక్కడితో దీపం ఆర్పివేయండి.

ఈ చిన్న ప్రయోగం రెండు సంగతులు చెప్పింది. పొడిగా కనిపించే కలపలో నీరు ఉంటుంది. ఎక్కువ వేడి తగిలితే కలప మాడుతుంది. ఈ రెండు సంగతులూ మరచిపోతే నష్టపోయే పరిశ్రమ ఒకటి ఉంది. అదే కలప పొడి, ప్లాస్టిక్కు కలిపి వస్తువులు పోతపోసే పరిశ్రమ.

మట్టిలో గడ్డి తొక్కినట్లు

మట్టి గోడ పెట్టేవారు మట్టిలో గడ్డి కలిపి తొక్కుతారు. గడ్డి వల్ల గోడ బీటలు వారదు. అలాగే ప్లాస్టిక్కులో కలప పొడి కలిపితే వస్తువు మరింత బిరుసుగా ఉంటుంది. చల్లారేటప్పుడు తక్కువ కుంచించుకుంటుంది. అడితిలోను, వడ్రంగి కొట్టులోను వృథాగా పోయే పొట్టు కూడా ఉపయోగపడుతుంది. కుర్చీ భాగాలు, పూలకుండీలు, కార్ల లోపలి పలకలు వంటివి ఇలా తయారవుతున్నాయి.

ఈ ఆలోచన కొత్తది కాదు. 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో వచ్చిన బేకలైటులో కూడా కలప పొడి కలిపేవారు. అయితే బేకలైటు ఒకసారి గట్టిపడితే మళ్ళీ కరగదు. ఇప్పుడు ఎక్కువగా వాడే పాలీప్రొపిలీన్, పాలిథిన్ వేడికి కరిగి, చల్లబడితే గట్టిపడతాయి.

వీటిని పోతపోసే యంత్రం మన జంతికల గొట్టం వంటిదే. మిశ్రమం గరాటులోంచి వేడి గొట్టంలోకి జారుతుంది. లోపల తిరిగే స్క్రూ దానిని కలియబెట్టి, కరిగించి, ముందుకు నెడుతుంది. కరిగిన ముద్ద సన్నని ద్వారం గుండా ఉక్కు అచ్చులోకి దూసుకుపోతుంది. అప్పుడు దాని మీద పడే పీడనం వాతావరణ పీడనానికి వందల రెట్లు. అమెరికాలో హయత్ సోదరులు ఇటువంటి యంత్రపు తొలి రూపానికి 1872లో పేటెంటు పొందారు; అందులో స్క్రూ లేదు.

ఇరుకు దారి

పాలీప్రొపిలీన్ సుమారు 165 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది. కలప సుమారు 200 డిగ్రీలు దాటితే రంగు మారి చెడిపోసాగుతుంది. అంటే యంత్రం నడిపేవారికి దొరికే వెసులుబాటు 35 డిగ్రీలే! నైలాన్-66 కరగాలంటే సుమారు 260 డిగ్రీలు కావాలి. అంత వేడిలో కలప పొడి నిలవదు. అందుకే తక్కువ వేడికి కరిగే ప్లాస్టిక్కులనే ఎక్కువగా ఎన్నుకుంటారు.

ఇక నీటి సంగతి. ఒక కిలో మిశ్రమంలో 300 గ్రాముల కలప పొడి ఉందనుకోండి. అందులో నూటికి 8 వంతుల తేమ ఉంటే నీరు 24 గ్రాములు. అది అయిదు చిన్న చెంచాలు మాత్రమే. కాని నీరు ఆవిరైతే మామూలు పీడనంలో దాని ఘనపరిమాణం సుమారు 1,700 రెట్లు అవుతుంది. 24 గ్రాముల నీరు 40 లీటర్ల ఆవిరి అవుతుందన్నమాట!

గొట్టంలో పీడనం ఎక్కువ కనుక ఆవిరి అణిగి ఉంటుంది. అచ్చులోకి రాగానే పీడనం తగ్గి, ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. పూరీ పొంగేదీ ఇలాగే. పూరీ పొంగితే మనకు సంతోషం. కుర్చీ కాలిలో అటువంటి బుడగ ఉంటే కూర్చున్నవాడు కింద పడతాడు! పైకి వచ్చిన ఆవిరి వస్తువు మీద వెండి చారలు గీస్తుంది.

లోపం చెప్పే గుర్తులు

జ్వరాన్ని బట్టి వైద్యుడు రోగం కనిపెట్టినట్లు, లోపాన్ని బట్టి కారణం కనిపెట్టాలి. తొందరపడితే ప్రమాదం. వెండి చారలు చూసి, “ముద్ద సరిగా కరగలేదు” అనుకొని వేడి పెంచారనుకోండి. ఆవిరి మరింత పెరుగుతుంది, కలప మాడుతుంది. అసలు మందు యంత్రం దగ్గర లేదు. కలప పొడిని ముందుగానే సుమారు 105 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టి, తేమను నూటికి ఒక వంతు కంటె తగ్గించాలి. ఆరిన పొడి గాలిలోని తేమను మళ్ళీ పీల్చుకుంటుంది. వానాకాలంలో మరీ ఎక్కువ. కనుక మూత పెట్టి ఉంచాలి.

అచ్చు మూల పూర్తిగా నిండలేదా? బెల్లం పాకంలో మరమరాలు వేసిన కొద్దీ కలపడం కష్టమైనట్లు, కలప పొడి పెరిగిన కొద్దీ ముద్ద చిక్కబడుతుంది. వేడి పెంచే వీలు తక్కువ. వేగంగా నెడితే సన్నని ద్వారంలో రాపిడి వల్ల వేడి పుట్టి కలప మాడవచ్చు. అందుచేత ద్వారాన్ని పెద్దది చేస్తారు. ముద్ద సులువుగా జారడానికి మైనం వంటి పదార్థం కొద్దిగా కలుపుతారు.

చిట్టచివర నిండే మూలలోనే నల్లని మచ్చ ఉందా? సైకిలు పంపు గబగబా కొడితే వేడెక్కుతుంది కదా! అచ్చులో చిక్కిన గాలి కూడా అలాగే నలిగి, వేడెక్కి, అంచును మాడుస్తుంది. ఆ మూలలో తల వెంట్రుక కంటె సన్నని గాడులు చేస్తే గాలి బయటికి పోతుంది. చిక్కని ముద్ద పోలేదు.

దళసరి భాగం మీద గుంట పడిందా? పైపొర ముందు గట్టిపడి, లోపలి భాగం ఆలస్యంగా చల్లారి కుంచించుకుంటూ పైపొరను లోనికి లాగింది. గోడల మందం అంతటా సమానంగా ఉండేలా అచ్చు చేయాలి.

వస్తువు రంధ్రం పక్కన విరిగిందా? రంధ్రం చుట్టూ రెండుగా చీలిన ముద్ద అవతల మళ్ళీ కలిసే చోట అతుకు గీత ఏర్పడుతుంది. అక్కడ కలప పీచులు గీత వెంబడే పడుకుంటాయి గాని, దాటి అవతలికి అల్లుకోవు. అందుచేత బరువు పడని చోట ఆ గీత వచ్చేలా ద్వారాన్ని అమర్చాలి.

నీరూ నూనె

మరో చిక్కు కంటికి కనిపించదు. కలప నీటిని ప్రేమిస్తుంది. పాలీప్రొపిలీన్ నీటిని దరిచేరనీయదు. ఈ రెండూ నీరూ నూనెల వలె విడివిడిగా ఉండజూస్తాయి. అందుకని మాలెయిక్ ఎన్‌హైడ్రైడ్ అతికించిన పాలీప్రొపిలీన్‌ను కొద్దిగా కలుపుతారు. దాని ఒక భాగం కలపతో రసాయనబంధం ఏర్పరచుకుంటుంది. రెండవ భాగం ప్లాస్టిక్కుతో పెనవేసుకుంటుంది. రెండు ఊళ్ళ మధ్య వంతెన వేసినట్లన్నమాట.

చెడిన వస్తువులను పొడిచేసి మళ్ళీ కరిగించవచ్చు కదా అని మీరు అడగవచ్చు. కరిగించవచ్చు. కాని కరిగించినప్పుడల్లా కలప మరికొంత రంగు మారుతుంది, పీచులు మరికొంత విరుగుతాయి. మొదటిసారే సరిగా చేయడం మేలు.

ఈ సాయంత్రం మీ ఇంట్లో ప్లాస్టిక్ మగ్గునో, డబ్బానో తిప్పి చూడండి. అడుగు మధ్య చిన్న బొడిపె ఉందా? ద్రవం లోపలికి వచ్చిన ద్వారం అక్కడే ఉండేది. గుంటలు, అతుకు గీతలు ఉన్నాయేమో వెతకండి. ప్రతి మచ్చకూ ఒక కారణం ఉంటుంది. దానిని మీరు కనిపెట్టగలరా?