మంచు వ్రాసిన కార్చిచ్చుల లెక్క

పూర్వము మన గ్రామములలో భూమి తగవు వచ్చినప్పుడు పెద్దలు కరణమును పిలిపించి దండకవిలె విప్పించెడివారు. సాక్షులు బంధుప్రీతిచేతనో భయముచేతనో మాట తప్పవచ్చును గాని, ఏటేట వ్రాసిన లెక్క మాట తప్పదని వారి నమ్మకము. అడవుల విషయమున మాత్రము అట్టి లెక్కను మానవులు చిరకాలము వ్రాసియుంచలేదు. ఏ శతాబ్దమున ఏ దేశపుటడవి తగులబడెనో చెప్పు శాసనములు మనకు లేవు. ఆ లెక్కను ప్రకృతియే మంచులో వ్రాసి దాచియున్నదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ కవిలె నేడు కరగిపోవుచున్నది. కావుననే యీ సంగతిని పాఠకుల దృష్టికి దెచ్చుట మా విధి యని తలంచితిమి.

ధ్రువప్రదేశములందును, మిక్కిలి యెత్తైన పర్వతములందును కురిసిన మంచు పూర్తిగా కరగక, పొరపై పొరగా పేరుకొని, తన బరువుచేతనే గట్టి గడ్డ యగును. అడవి కాలినప్పుడు లేచిన పొగలోని ద్రవ్యములు గాలిలో బహుదూరము పయనించి ఆ మంచుతో గూడ దిగును. శాస్త్రజ్ఞులు బోలు బరమాతో గడ్డను నిలువుగా దొలిచి, స్తంభములవలె పైకి దీయుదురు. ఒక్కొక్క స్తంభమును వేడిచేసిన లోహపు పలకపై నిలిపి, కొంచెము కొంచెముగ కరగించి, ఆ నీటిని యంత్రములచే పరీక్షింతురు. ఋతువులనుబట్టి హెచ్చుతగ్గు ద్రవ్యములచే సంవత్సరములు లెక్కింతురు. 1815లో టాంబోరా, 1883లో క్రకటోవా అగ్నిపర్వతములు గ్రక్కిన గంధకపు జాడలు ఆ లెక్కకు పొలిమేర రాళ్లవలె నుపకరించును.

మసి కట్టె కాలినను పుట్టును, బొగ్గు కాలినను పుట్టును. కావున మసి యొక్కటియే దొరికినచో దోష మెవరిదో తేలదు. చెట్టులోని సెల్యులోజు కాలినప్పుడు లెవోగ్లూకోసాన్ అను ద్రవ్యము పుట్టును. దేవదారువంటి సూదియాకుల చెట్ల కలప కాలినప్పుడు వనిల్లిక్ ఆమ్లము బయలుదేరును. ఇవి మసితో గూడ హెచ్చిన అది అడవి పొగ. ఇవి హెచ్చక మసియు గంధకమును మాత్రమే హెచ్చిన అది కర్మాగారముల పొగ. తీర్పు చెప్పుటకు ఇంతకంటె నిష్పక్షపాతమైన సాక్షి యేది?

ఈ సాక్షి చెప్పిన రెండు మాటలను మనవి చేసెదము. అమెరికాలోని నెవాడా రాష్ట్రమునకు చెందిన జోసెఫ్ మెక్కానెల్ బృందమువారు గ్రీన్లాండు మంచును పరీక్షించి 2007లో ప్రకటించిన దేమనగా: 1850కి పూర్వము అచట పడిన మసి ముఖ్యముగా ఉత్తరదేశపు కార్చిచ్చులది, అటుపిమ్మట కర్మాగారముల మసి పైకొని, 1906 మొదలు 1910 వరకు గల కాలమున మునుపటికంటె సుమారు ఏడు రెట్లయ్యెను. పాశ్చాత్యుల ఐశ్వర్యము ఏ పొగపై లేచినదో ఆ మంచు నేటికిని చెప్పుచున్నది.

రెండవ మాట వేరొకరిని గూర్చినది. ఆ బృందమువారే అంటార్కిటికా చెంత నున్న జేమ్స్ రాస్ ద్వీపపు మంచును చదివి, సుమారు 1300 ప్రాంతమునుండి అచట మసి మూడురెట్లు పెరిగినదని 2021లో తెలిపిరి. ఖండపు లోపలి మంచులో అట్టి పెరుగుదల కానరాలేదు. పటగోనియా, టాస్మేనియా, న్యూజీలాండు దేశముల బొగ్గు జాడలతో పోల్చిచూడగా, ఆ కాలమున మంటలు హెచ్చినది న్యూజీలాండుననే యని తేలెను. మావోరీలు ఆ దీవులకు వచ్చి అడవులు కాల్చిన కాలమదియే. కర్మాగారములు పుట్టుటకు కొన్ని శతాబ్దములకు ముందే, కొలది జనము ముట్టించిన నిప్పు ఏడువేల కిలోమీటర్ల దూరమున మంచును సోకినదని వారి నిర్ణయము. ఈ సాక్షికి తెల్లవాడు, నల్లవాడు అను భేదము లేదు.

అట్లయిన మనమాట యేమి? ఎవరెస్టు శిఖరమునకు ఉత్తరమున, తూర్పు రోంగ్‌బుక్ హిమానీనదమున తీసిన మంచులో, 1860 మొదలు 1975 వరకు గల కాలముతో పోల్చగా, 1975 తరువాతి పాతికేండ్లలో మసి సుమారు మూడురెట్లయినది. ఆ మసి దక్షిణాసియానుండియు, పశ్చిమాసియానుండియు వచ్చినదని పరిశోధకుల యభిప్రాయము. పరుల దోషము చూపిన సాక్షిని మెచ్చుకొని, మన దోషము చూపగా మొగము త్రిప్పుకొనుట ధర్మము గాదు. మసి పడిన మంచు ఎండను హెచ్చుగ గ్రహించి త్వరగా కరగును. అనగా మన పొగ మన నదులకు పుట్టినిల్లయిన మంచునే కరగించుచున్నది.

మంచు మిగిలినను అందలి వ్రాత మిగులునని ధైర్యము లేదు. స్విట్జర్లాండున గ్రాండ్ కొంబాఁ పర్వతముపై 2018లో తీసిన మంచులో జాడలు చక్కగా నుండెను. 2020లో మరల తీయగా కరగిన నీరు లోనికింకి వానిని చాలవరకు కడిగివేసియుండెను. రెండేండ్లలో కవిలె చెరిగిపోయినది! ఐరోపావారు 2015లో ఒక ఉద్యమ మారంభించి, 2016లో మాఁ బ్లాఁ పర్వతమునుండియు, 2017లో బొలీవియాలోని ఇల్లిమాని పర్వతమునుండియు మంచు స్తంభములు తీసిరి. అంటార్కిటికా చలిలో వానిని భావితరములకై దాచుట వారి సంకల్పము.

మనకును అంటార్కిటికాలో మైత్రి, భారతి స్థావరములు కలవు. స్పితిలో 2016లో స్థాపించిన హిమాంశ్ పరిశోధనాకేంద్రము కలదు. నిపుణులకు కొదువ లేదు. ఇక కావలసినది సంకల్పము. హిమాలయమున ఇంకను చెడని మంచు ఎచట నున్నదో వెదకి, దానిని తీయించి, మన స్థావరముల చలిలో భద్రపరచుట మన ప్రభుత్వముయొక్క కర్తవ్యము. తాతలు వ్రాసిన దస్తావేజును చెదలు తినుచుండగా చూచి ఊరకుండు గృహస్థుని లోకము మెచ్చదు. హిమాలయపు దస్తావేజు ఏ యొక్క యింటిదియు గాదు, జాతియంతటిది. అది చెరిగిపోయిన తరువాత మరల వ్రాయించుకొనుటకు ఏ కరణమును లేడు.